సత్రపు యజమానికి ఇచ్చిన మాట



లూకా సువిశేషము పదవ అధ్యాయములోని మంచి సమరీయుని కథ మీకు కొత్త కాదు. దొంగల చేతిలో గాయపడినవానికి అతడు నూనె, ద్రాక్షారసము పోసి కట్టుకట్టాడు, తన వాహనముపై ఎక్కించి సత్రమునకు చేర్చాడు. అంతవరకు ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నారు. తరువాతి సంగతిని మాత్రం మనం తొందరగా దాటిపోతాం. మరునాడు అతడు సత్రపు యజమాని చేతిలో రెండు దీనారములు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరుగు ప్రయాణములో ఇచ్చుకుంటానని మాట ఇచ్చాడు. పరాయివాని వైద్యానికి పూచీ పడ్డాడన్నమాట.

మన రాష్ట్రంలో అటువంటి పూచీ 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో, మొదట మూడు జిల్లాల్లో వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు ఏదైతేనేం? కొబ్బరికాయలు ఒలిచి బ్రతికే మనిషి గుండె ఆపరేషను చేయించుకొని, భార్య చెవిదిద్దులు అమ్మకుండా పి.గన్నవరం తిరిగి రావడం కళ్ళారా చూశాను. సెమినరీలో న్యాయము వేరు, దయ వేరు అని పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని. ఆ తేడా నాకు నిజంగా అర్థమైంది ఆ రోజునే. ఆయన ఎవరికీ చేతులు జోడించనవసరం లేకపోయింది.

అయితే 2025 అక్టోబరులో ఏం జరిగింది? బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఈ పథకం క్రింద సేవలు నిలిపివేశాయి. ఆసుపత్రికీ జీతాలు, మందుల ఖర్చులు ఉంటాయి, కాదనను. రోగి మాత్రం ఎన్నాళ్ళని ఆగగలడు? సమరీయుడు తిరిగి రాకపోయి ఉంటే ఆ సత్రపు యజమాని రెండవసారి తలుపు తీసేవాడా? ఓటు అడగడానికి వచ్చిన ప్రతివారినీ, ఏ పార్టీ వారైనా సరే, ఈ మాట అడగండి.

ఇక మన సంగతి. విచారణలో ఒక ముసలమ్మగారు కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జపమాల ప్రక్కన ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. "ఆపరేషనొచ్చినప్పుడు తియ్యొచ్చని దాచానండి ఫాదరుగారూ" అన్నారు. బి.పి. ఎప్పుడైనా చూపించుకున్నారా అంటే, లేదు! ఆ కార్డు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరవలసిన జబ్బులకు. బి.పి.కి, షుగరుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముంది. అక్కడ పరీక్షకు, మాత్రలకు డబ్బు అక్కరలేదు. అక్కడికి వెళ్ళకనే చాలామంది పక్షవాతం వచ్చాక కార్డు బయటికి తీస్తున్నారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆకలన్నవారికి ఏ వేళనైనా వండి పెట్టారు. సొమ్మసిల్లి పడిపోయాక రమ్మని ఎవరితోనూ అనలేదు.

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో మన లంకలకు పడవే దిక్కయింది. అటువంటప్పుడు మాత్రలు అయిపోయిన వృద్ధుల గతేమిటి? నూనె, కట్టుగుడ్డ, వాహనము ప్రభుత్వం తెచ్చేదాకా ఆగనక్కరలేదు. వచ్చే ఆదివారం దివ్యపూజ ముగిశాక మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవారింటికి వెళ్ళండి. మాత్రలు ఎన్నాళ్ళకు ఉన్నాయో అడిగి, చీటీ చదివి చెప్పండి. సోమవారం మీ బండి మీద ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి.