అంటుకొమ్మలో సాగే జీవం ఎవరిది?

ఉష్ణమండలపు పండ్ల చెట్లను జీవనోపాధి కోసం కాక కేవలం ఇష్టంతో పెంచేవారి మధ్య గింజలు, టెంకలు, కొమ్మలు ఒకచోటి నుంచి మరొకచోటికి ఎప్పుడూ ప్రయాణిస్తూనే ఉంటాయి. అమెరికాలో 1955లో మయామీ కేంద్రంగా ఏర్పడిన రేర్ ఫ్రూట్ కౌన్సిల్ ఇంటర్నేషనల్, 1968లో మొదలైన కాలిఫోర్నియా రేర్ ఫ్రూట్ గ్రోయర్స్ వంటి సంఘాలు ఈ ఇచ్చిపుచ్చుకోవడాలను ఒక క్రమంలో పెట్టాయి. తెలుగునాట మిద్దెతోటల వారు, కడియం నర్సరీల చుట్టూ తిరిగే పండ్ల మొక్కల అభిమానులు అదే పనిని పరిచయాల మీద నడుపుకుంటున్నారు. పైకి కాలక్షేపంలా కనిపించే ఈ వ్యవహారంలో భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు తర్కించిన ప్రశ్న ఒకటి ఉంది. ఒక చెట్టు నుంచి కోసిన కొమ్మ మరొకచోట చిగిర్చినప్పుడు అక్కడ బతుకుతున్నది పాత జీవమా, కొత్త జీవమా? ఆ కొమ్మ ఎవరి సొత్తు, దాన్ని అమ్మవచ్చునా, తీసుకున్నవారు ఎవరికి ఋణపడతారు అనే ధర్మసందేహాలన్నీ ఈ ప్రశ్నకు చెప్పే సమాధానం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు తన కుమారుడు శ్వేతకేతువుకు చేసే బోధలో చెట్టుకు సంబంధించిన దృష్టాంతాలు రెండు వరుసగా వస్తాయి. వాటిలో ప్రసిద్ధికెక్కింది రెండోది: మర్రిపండును చీల్చి, గింజను చీల్చి, లోపల ఏమీ కనబడటం లేదని కొడుకు చెప్పినప్పుడు, ఆ కనబడని సూక్ష్మం నుంచే అంత మహావృక్షం నిలిచి ఉందని తండ్రి చెబుతాడు. అంతగా ప్రచారం పొందని మొదటి దృష్టాంతమే ఇక్కడి ప్రశ్నకు దగ్గరగా ఉంది. చెట్టును మొదట్లో నరికినా, నడుమ నరికినా, కొనన నరికినా అది రసం స్రవిస్తూనే బతుకుతుందనీ, జీవం ఒక కొమ్మను విడిచిపెడితే ఆ కొమ్మ ఎండిపోతుందనీ, చెట్టునంతటినీ విడిచిపెడితే చెట్టంతా ఎండుతుందనీ, అయినా జీవం మాత్రం చావదనీ ఉద్దాలకుడు వివరిస్తాడు. చెట్లు అచేతనాలని బౌద్ధులూ, కణాదుని అనుయాయులైన వైశేషికులూ చెప్పేది నిలవదని శంకరుల భాష్యం ఈ సందర్భాన్నే ఆధారం చేసుకుని తేల్చింది.

అయితే అంటు కట్టేవారి చేతిలోని కొమ్మ ఈ దృష్టాంతానికి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. తల్లిచెట్టు నుంచి కోసి, ఆకులు దూసి, తడిగుడ్డలో చుట్టిన మామిడి పుల్ల కొన్ని రోజుల పాటు పచ్చిగానే ఉంటుంది. దాన్ని మరొక మొక్క కాండం మీద, అంటే వేరుమూలం మీద, బెరడు కింది పెరిగే పొరలు రెండూ ఒకదానికొకటి తగిలేలా కట్టితే చిగురు వేస్తుంది. జీవం విడిచిపెట్టిన కొమ్మ ఎండాలి కదా, ఇది ఎండలేదు. కనుక తల్లిచెట్టులోని జీవమే రెండుచోట్లా ఉందనాలి, లేదా కోత పడిన క్షణంలో అక్కడ మరొక జీవం ప్రవేశించిందనాలి, అదీ కాకపోతే ఆ కొమ్మకు మొదటి నుంచీ తనదైన జీవం ఉందనాలి. ఈ మూడో మాటే జైనులది. చెట్టుకు మొత్తంగా ఒక జీవం ఉండటమే కాక, వేరు, కాండం, కొమ్మ, ఆకు అనే భాగాలలో వేరువేరు జీవాలు ఉంటాయని ప్రజ్ఞాపన వంటి జైన ఆగమాలు చాలా వివరంగా విభజించి చెప్పాయి. ఆ విభజన చాదస్తంగా తోచవచ్చు గానీ, అంటుమొక్క ఎదురుగా ఉన్నప్పుడు దాన్ని తీసిపారేయడం కష్టం. అతుకు పైభాగంలోని కణాలు పైకొమ్మవిగానే, కిందిభాగంలోనివి వేరుమూలానివిగానే చివరిదాకా ఉండిపోతాయి; అతుకు కింద మొలిచిన పిలకను తీసేయకుండా వదిలితే అది నాటు కాయలే కాస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని మలిహాబాద్‌లో, 2008లో పద్మశ్రీ అందుకున్న హాజీ కలీముల్లా ఖాన్ ఒకే మామిడి చెట్టు మీద 300కు పైగా రకాలను అంటుకట్టి పెంచారు. ఆ చెట్టును ఒకటి అనాలా, 300 అనాలా అన్నది లెక్కల ప్రశ్న కాదు, దర్శనాల ప్రశ్నే.

గింజ దారి దీనికి పూర్తిగా వేరని సాధారణంగా అనుకుంటారు. మన దేశపు మామిడిలో ఎక్కువ రకాల టెంకలో ఒకే పిండం ఉంటుంది, అది పుప్పొడి కలయిక వల్ల పుట్టిన సంతానం. అందుచేత బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పండు ప్రతి చెట్టుకూ అంటు ద్వారానే చేరింది. టెంక మొక్క నిజమైన కొత్త జన్మ. భారతదేశం నుంచి 1889లో అమెరికాకు పంపిన ముల్గోబా అనే మామిడి ఫ్లోరిడాలో నిలదొక్కుకున్నాక, దాని టెంకలను 1902లో కోకోనట్ గ్రోవ్‌లో కెప్టెన్ జాన్ హేడెన్ నాటితే, తల్లికంటే భిన్నమైన రంగుతో కాసిన ఒక చెట్టు ఆయన పేరు మీదుగా ప్రసిద్ధమైంది. ఆ హేడెన్ టెంక నుంచే తరువాత టామీ అట్కిన్స్ వచ్చింది. కాని పశ్చిమతీరపు ఒలూర్, బప్పకాయ్ వంటి మామిళ్ల టెంకలో ఒకటికి మించి మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు కలయికతో పని లేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టి తల్లినే పోలి ఉంటాయి. మాంగోస్టీన్ ఇంకొక అడుగు ముందుకు వేసింది: దాని గింజ ఫలదీకరణం లేకుండానే తయారవుతుంది, ఆ గింజ నాటిన మొక్క 7 నుంచి 10 ఏళ్లు ఆగి కాసే కాయ తల్లి కాయకు నకలే. చూపుకు గింజ, స్వభావానికి కొమ్మ. జీవం కొనసాగే తీరుకూ, మళ్లీ పుట్టే తీరుకూ నడుమ ప్రకృతి గట్టి గీత గీయలేదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ సంగతిని ప్రాచీనులలో బౌద్ధ వినయకారులు, అంటే భిక్షువుల నియమావళిని కూర్చినవారు, చక్కగా గమనించారు. భిక్షువులు మొలకెత్తగల దేన్నీ నాశనం చేయరాదనే నియమాన్ని వివరిస్తూ, వారు బీజాలను ఐదు విధాలుగా చెప్పారు: వేరు నుంచి మొలిచేవి, కాండం నుంచి మొలిచేవి, కణుపు నుంచి మొలిచేవి, కొన నుంచి మొలిచేవి, చివరగా గింజ నుంచి మొలిచేవి. కొమ్మ కూడా బీజమేనని, గింజ ఐదింటిలో ఒకటి మాత్రమేనని ఒప్పుకున్న ఈ వర్గీకరణ నేటి తోటమాలికి ఏ మాత్రం వింతగా ఉండదు. సిద్ధాంతంలో కూడా బౌద్ధులు బీజాన్నే దృష్టాంతంగా ఎంచుకున్నారు. శాలిస్తంబ సూత్రం మొలక గింజ కాదు, గింజకు పూర్తిగా వేరైనదీ కాదు అంటుంది; మట్టి, నీరు, వేడి, గాలి, కాలం వంటి ప్రత్యయాలు, అంటే తోడు కారణాలు, కూడినప్పుడు ఒకటి ఆగి మరొకటి పుడుతుంది, నడుమ దాటి వెళ్లే స్థిరమైన వస్తువేదీ లేదు. ఇలా ఒకదాని వెంట ఒకటి సాగే ధారకు వారు సంతానం అని పేరు పెట్టారు.

ఇన్ని మతాలను అవకాడో కథ ఒకటి పరీక్షకు పెడుతుంది. కాలిఫోర్నియాలో తపాలా ఉద్యోగి అయిన రుడాల్ఫ్ హాస్ 1920ల నడిమిలో నాటిన ఒక గింజ మొక్క మీద వేరే పేరున్న రకాన్ని అంటుకట్టే ప్రయత్నం ఫలించక, దాన్ని అలాగే పెరగనిస్తే, నల్లని గరుకు తొక్కతో రుచికరమైన కాయలు కాసింది. నేడు ప్రపంచపు బజారులో అత్యధిక భాగం ఆక్రమించిన హాస్ అవకాడో చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మల పరంపరలోనివే. ఆ తల్లిచెట్టు వేరుకుళ్లుతో 2002లో చనిపోయింది. అయితే చనిపోయింది ఏమిటి? నైయాయికులను అడిగితే, ఒక అవయవం పోయినప్పుడే పాత అవయవి, అంటే భాగాలలో ఉంటూనే వాటికి వేరైన మొత్తం, నశించి కొత్తది పుడుతుందనీ, అదే చెట్టు అనే గుర్తింపు కోసిన తరువాత మళ్లీ పెరిగిన వెంట్రుకలను చూసి అవే వెంట్రుకలు అనుకోవడం లాంటిదనీ, అది పోలిక వల్ల కలిగిన భ్రమేననీ అంటారు. ఈ సమాధానం తర్కానికి నిలుస్తుంది గాని, కాలిఫోర్నియా లా హాబ్రా హైట్స్‌లోని ఆ తల్లిచెట్టుకూ, మెక్సికో తోటలోని చెట్టుకూ ఉన్నది ఉత్త పోలిక కాదన్న సంగతిని వదిలేస్తుంది. ఆ రెంటి నడుమ తెగని కణవిభజన ఉంది. ఉపనిషత్తు వైపు నిలిచి ఒకే జీవం లక్షల చోట్ల ఉందంటే, ఒక చోట తెగులు సోకి మరొకచోట సోకకపోవడాన్ని సమర్థించడం భారమవుతుంది. బౌద్ధుల ధార అనే భావనే ఇక్కడ అన్నింటికంటే తక్కువ ఇబ్బందితో సరిపోతుంది. అలాగని ఉద్దాలకుని మాట వ్యర్థం కాదు, ఎందుకంటే ఆయన అసలు ఉద్దేశం చెట్లను లెక్కించడం కాదు, జీవం శరీరపు హద్దులకు లోబడి ఉండదని కొడుకుకు చూపడం.

ధారలో ఒక మెలిక ఉంది: మంచితో పాటు చెడు కూడా అందులోనే ప్రవహిస్తుంది. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులు ఒక చిన్న పురుగు ద్వారానే కాక అంటుపుల్ల ద్వారా కూడా వ్యాపిస్తుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడిన తరువాత అక్కడి తోటల పరిశ్రమను అది కుదేలు చేసింది. ప్రేమతో కోసి ఇచ్చిన కొమ్మ మరొక ఊరి తోటలను చంపగలదు. ఈ కారణంగానే మన దేశంలోకి మొక్కలు, విత్తనాలు తెచ్చుకోవడానికి అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆదేశం నిర్దేశిస్తోంది. విదేశాల నుంచి జేబులోనో కవరులోనో గింజలు రహస్యంగా తెప్పించుకునే ఔత్సాహికులు దీన్ని సర్కారు పీడగా భావించడం పరిపాటి. నిజానికి అహింసా ధర్మం దృష్టితో చూస్తే ఆ నిబంధన చట్టానికి ముందే నీతి.

ఇక యాజమాన్యం సంగతి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం గింజ ప్రధానమా, పొలం ప్రధానమా అని సుదీర్ఘంగా చర్చించి, గాలికో వరదకో కొట్టుకొచ్చి ఒకరి పొలంలో మొలిచిన గింజ ఫలం పొలం యజమానిదేననీ, ముందుగా ఒప్పందం ఉంటే ఇద్దరూ పంచుకోవాలనీ తేల్చింది. అక్కడ అసలు చర్చ సంతానం ఎవరికి చెందుతుందన్నది, వ్యవసాయం ఉపమానం మాత్రమే. అయినా ఆ తీర్పు నేటికీ పనికొస్తుంది. రుడాల్ఫ్ హాస్ 1935లో తన చెట్టుకు పేటెంటు పొందాడు. కాని రైతులు ఒక మొక్క కొని దాని కొమ్మలతో తోటలకు తోటలే అంటుకట్టుకోవడం వల్ల ఆయన చేతికి దక్కింది స్వల్పం. గింజకు కాపలా పెట్టవచ్చు గాని పుల్లకు పెట్టలేరని ఆ పేటెంటు చరిత్ర చెబుతోంది. మన 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం మరో దారి పట్టింది: పేరు నమోదైన రకమైనా సరే, రైతు దాని విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు ముద్రతో మాత్రం అమ్మరాదు. మిద్దె మీద నాలుగు కుండీలు పెంచేవారు ఆ చట్టం చెప్పే రైతు అవుతారా అన్నది న్యాయవాదులకు వదిలేయవచ్చు.

ధర్మశాస్త్రం దృష్టిలో ఈ విషయానికి సరైన చోటు ఆస్తి ప్రకరణం కాదు, ఋణ ప్రకరణం. తెలుగు సంప్రదాయం ఎన్నే సప్తసంతానాలలో చెరువు, గుడి, కృతి, కుమారుడు వంటి వాటి సరసన వనం కూడా ఉంది. తనువు పోయిన తరువాత నిలిచి ఉండేవాటిలో తోట ఒకటన్న మాట. వేదం చెప్పే దేవఋణం, పితృఋణం, ఋషిఋణం అనే మూడింటిలో, అంటుకొమ్మ తీసుకున్నవారి బాధ్యత ఋషిఋణానికి దగ్గరగా ఉంది, ఎందుకంటే ఋషులకు పడిన ఋణం వారికి తిరిగి ఇచ్చేది కాదు, వారి విద్యను అధ్యయనం చేసి, తరువాతివారికి అందేలా నిలిపితే తీరేది. కొత్తపల్లి కొబ్బరి మామిడి పుల్ల ఇచ్చినవారికి మరొక పుల్ల ఇచ్చి చేతులు దులుపుకోవడం సరిపోదు. అడిగిన వేరొకరికి ఆ చెట్టు నుంచే కోసి ఇవ్వాలి. అలాగని ధర తీసుకోవడం తప్పని కాదు. వేరుమూలం పెంచడానికి, అంటు కట్టడానికి, ఎండిపోతే మొలవని పనస, రంబుటాన్, మాంగోస్టీన్ గింజలను తడి కొబ్బరి పొట్టులో పెట్టి రోజుల్లో చేర్చడానికి అయిన శ్రమకు విలువ ఉంది, ఆ విలువను కట్టి ఇవ్వడం న్యాయం. అమ్ముతున్నది ఆ శ్రమనే తప్ప జీవాన్ని కాదని అమ్మేవారికి తెలిసి ఉంటే చాలు.

తప్పు జరిగేది వేరేచోట. టెంక మొక్కను అంటుమొక్కగా అమ్మడం, తెలియని రకానికి పేరున్న రకం చీటీ కట్టడం, తన దగ్గర తప్ప మరెక్కడా లేకుండా ఒక రకాన్ని దాచుకుని ధర పెంచడం ఈ అభిరుచి లోకంలో తరచూ కనబడే దోషాలు. వీటిలో దాచుకోవడం లోభం, అది దాచుకున్న వాణ్ణే ముంచుతుంది, ఎందుకంటే ఒకే చోట ఉన్న ధారను ఒక తుఫాను తెంపేస్తుంది. తప్పుడు పేరు పెట్టడం అంతకంటే పెద్ద దోషం. మామిడి మొక్క కాయడానికి కొన్నేళ్లు, మాంగోస్టీన్‌కు అంతకంటే ఎక్కువ ఏళ్లు పడతాయి కనుక ఆ అబద్ధం బయటపడే నాటికి కొన్నవారి జీవితంలో తిరిగి రాని కాలం గడిచిపోతుంది, ఈలోగా అదే తప్పుడు పేరుతో ఆ కొమ్మలు మరెన్నో చోట్లకు చేరిపోతాయి. అందుచేత ఇచ్చే ప్రతి కొమ్మకూ అది ఏ చెట్టుదో, ఎవరి నుంచి వచ్చిందో, తెలియకపోతే తెలియదనో రాసి కట్టి ఇవ్వడం ఈ పనిలో ఉన్నవారందరి కనీస ధర్మం.