పరిచారకుని వేతనము

రోగికి చేసిన పరిచర్యకు వేతనము పుచ్చుకొన్నచో అందలి పుణ్యము క్షయించునా యను ప్రశ్నకు, నిష్కామకర్మమును తరతరములుగా కీర్తించుచు వచ్చిన మనము తడుముకొనకుండ ఔనని సమాధానము చెప్పుదుము. కాని ఆ సమాధానము ఎవరి నోట వెలువడుచున్నది, మంచముమీద పడియున్నవాని నోటనా, మంచము ప్రక్కన రాత్రియంతయు మేలుకొనియున్నవాని నోటనా యని విచారింపక విడుచుట న్యాయము కాదు. 1793లో అమెరికాదేశమందలి ఫిలడెల్ఫియా నగరమున నల్లజాతివారు చేసిన రోగిశుశ్రూషయు, దానిపై పుట్టిన అపవాదును ఈ విచారమునకు నేనెరిగినంతలో మిక్కిలి తగిన నిదర్శనములు.

ఆ యేటి వేసవి చివర నగరమున పచ్చజ్వరము చెలరేగెను. అది దోమకాటువలన వచ్చునని లోకమునకు తెలియుటకు ఇంకను నూరేండ్లకు పైబడి పట్టవలసియుండెను. ఇంచుమించు 50,000 జనమున్న ఊరిలో కొలది నెలలలోనే దాదాపు 5,000 మంది మరణించిరి. పోగల స్తోమత గలవారు ఊరు విడిచిపోయిరి. ఆఫ్రికా సంతతివారికి ఈ జ్వరము సోకదని పూర్వులు వ్రాసినదానిని నమ్మి, బెంజమిన్ రష్ అను ప్రఖ్యాత వైద్యుడు, రోగులను ఆదుకొన రండని వారిని వేడుకొనెను. దాస్యమున పుట్టి స్వతంత్రులైన అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ ఆలెన్ అను ఇరువురు, 1787లో తాము నెలకొల్పిన స్వేచ్ఛా ఆఫ్రికా సమాజమువారిని కూడగట్టుకొని ఆ పిలుపు నందుకొనిరి. ప్రార్థనామందిరమున మోకరిల్లియున్న జోన్స్‌ను, నల్లవాడు ఇచ్చట ఉండరాదని తెల్లవారు పట్టి లేపిన నగరము కూడ అదియే.

వారు తొలుత ప్రవేశించిన ఇల్లు ఒక సందులోనిది. భర్త అవసానదశలో నుండెను. భార్య శవము అదే యింట పడియుండెను. తోడుండుటకు ఇద్దరు పసిబిడ్డలు తప్ప వేరొకరు లేరు. ఆ రోగికి చేతనైన ఉపచారము చేసి, ఆ స్త్రీ శవమును పూడ్పించుటకై పేదల సంరక్షకాధికారులకు విన్నవించి, ఆ దినముననే 20 కుటుంబములకు పైగా చూచివచ్చిరి. పిదప రష్ నేర్పిన విధమున 800 మందికి పైగా రక్తము తీసిరి. ఆ చికిత్స రోగికి మేలు చేయదని నేటివారెరుగుదురు. నాటి వైద్యులలో పెక్కురకు అదియే పరమౌషధము, వైద్యుడు పోలేని గడపలకు దానిని మోసికొనిపోయినవారు వీరు. ఆ పనికి తమకు దక్కినది డాలరున్నర విలువ యైనను చేయదని వ్రాసికొనిరి. సోకదన్న జ్వరము వారికిని సోకెను. 1792లో ఆ నగరమున ఖననమైన నల్లజాతివారు 67 మంది కాగా, 1793లో 305 మంది.

జ్వరము తగ్గినవెంటనే మాథ్యూ కేరీ అను ప్రచురణకర్త ఆ ఉపద్రవమును గూర్చి గ్రంథము వెలువరించెను. అందు జోన్స్‌ను, ఆలెన్‌ను మెచ్చుకొనుచునే, నల్లజాతి పరిచారకులలో నీచులైనవారు ఒక డాలరు చాలిన రాత్రికి నాలుగైదు డాలర్లు పిండుకొనిరనియు, కొందరు రోగుల యిండ్లు దోచిరనియు వ్రాసెను. తమకు దక్కిన ప్రశంసతో తృప్తిపడి ఊరకుండుట ఆ యిరువురికి సులభమైన పని. అట్లుండక, 1794లో ప్రత్యుత్తరముగా ఒక చిన్న పుస్తకము ప్రకటించి, అందు జమాఖర్చులు చూపిరి: శవములను, శయ్యలను పూడ్చినందుకు వచ్చినది 233 పౌనుల చిల్లర, శవపేటికలకును, అయిదుగురు కూలివాండ్ర జీతములకును అయినది 411 పౌనులు, చేతినుండి పెట్టుకొన్నది 177 పౌనుల పైచిలుకు. జీతములు పెరిగిన కారణమును గూడ విడమరచి చెప్పిరి. ఒక యింటివాడు కుదుర్చుకొన్న పరిచారకుని మరియొక యింటివాడు ఎక్కువ ఇత్తునని లాగుకొనిపోవుచుండెను. వెల పెంచినది రోగుల భయమే. తన గ్రంథము నమ్మి కేరీ గడించిన ధనము, అతడు నిందించిన పరిచారకులలో పన్నిద్దరు కలిసి గడించినదానికంటె ఎక్కువని కూడ వారు నిర్భయముగా వ్రాసిరి.

ఆ పుస్తకముననే వేతనమును నిరాకరించినవారును కానవత్తురు. సీజర్ క్రాంచల్ అను నతడు ధనము ముట్టనని చెప్పియే రోగుల సేవకు పూనుకొనెను. సాంప్సన్ అను పేదవాడు దిక్కులేని యిండ్లకెల్ల తిరిగి ఊరక సేవచేసి, జ్వరము సోకి చనిపోగా, అతని సేవ పొందినవారు అతని కుటుంబమును తిరిగి చూడలేదు. సాంప్సన్‌ను ధన్యుడనుటకు నాకు సంకోచము లేదు. కాని ఆ ధన్యతను కొలబద్దగా పట్టుకొని, బిడ్డల కూటికై నాలుగు డాలర్లు పుచ్చుకొన్నవానిని నీచుడనుటకు రోగికి గాని, రోగి బంధువులకు గాని, ఆపత్కాలమున కొన్నాళ్లు ఊరు దాటిపోయిన గ్రంథకర్తకు గాని అధికారము లేదు. ఫలాపేక్ష విడువుమని కృష్ణుడు బోధించినది కర్మ చేయవలసిన అర్జునునకు. ఆ కర్మవలన లాభము పొందువాడు ఆ బోధను చేతబట్టి, నీకు ఫలమక్కరలేదు గదా యని కర్తను నిలదీయవచ్చునని కాదు. అరణ్యపర్వమందలి ధర్మవ్యాధుడు మాంసమమ్మి బ్రదికినవాడు. ఆ వృత్తి నీకు తగదన్న కౌశికుడను బ్రాహ్మణునకు, మిథిలానగరపు అంగడిలోనుండియే జీవికయు ధర్మమును ఒకచోట నుండగలవని అతడు చూపెను.

సాంప్సన్ వంటి నల్లజాతి పురుషులు శుశ్రూషాచరిత్రములలో కానరాకపోవుటకు కేరీ వేసిన అపవాదొక్కటే కారణము కాదు. 1860లో లండనున ఫ్లారెన్స్ నైటింగేల్ పేర నర్సుల విద్యాలయము వెలసిన పిమ్మట నర్సు వృత్తి స్త్రీలదిగా రూఢికెక్కెను. ఇంగ్లండులో 1919 నాటి చట్టము మగ నర్సులకు వేరు పట్టిక పెట్టెను. అమెరికా సైన్యపు నర్సుల దళమున పురుషునకు 1955 వరకు చోటు దొరకలేదు. నల్లజాతి పురుషుడు, పురుషుడైనందున ఒక చరిత్రనుండియు, నల్లవాడైనందున మరియొక చరిత్రనుండియు జారిపోయెను. అతనిని వెదకబోవువారు నర్సుల పట్టికలను కట్టిపెట్టి, శ్మశానముల లెక్కలను, నగరపాలకుల చెల్లింపు పుస్తకములను, బానిసల విక్రయపత్రములను, నిందలను, నిందలకిచ్చిన ప్రత్యుత్తరములను చదువవలెను. కేరీ నిందింపకున్నచో సాంప్సన్ పేరు మనకు మిగిలియుండునని నేననుకొనను. నగరాధ్యక్షుడు క్లార్క్‌సన్ 1794 జనవరిలో జోన్స్, ఆలెన్‌ల నడవడిని, శవములు పూడ్చుటకు వారు పెట్టుకొన్న మనుష్యుల నడవడిని మెచ్చుకొనుచు ఒక పత్రము వ్రాసియిచ్చెను. ఇండ్లలో రోగుల ప్రక్కన మేలుకొన్న పరిచారకుల ప్రసక్తి అందులో లేదు.