ఓపెనా, కేటగిరీనా?

జేఈఈ ఫలితాలొచ్చే రోజుల్లో మా నేరేడ్‌మెట్ కాలనీల్లో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. "ర్యాంకు ఎంత?" అని అందర్నీ అడుగుతారు. "ఓపెన్‌లోనా, కేటగిరీలోనా?" అని కొందర్నే అడుగుతారు. బాగా చదివే దళిత విద్యార్థికి కాలేజీ ఎంచుకోవడమంటే ఈ రెండో ప్రశ్నకి ఏం చెప్పాలో కూడా ఎంచుకోవడమే. అసలు దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ పిల్లలకి ఉందా?

లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే ఒకాయన కూతురికి జేఈఈ ఫారం నింపేటప్పుడు నన్ను అడిగాడు. "పిల్లకు ఓపెన్ల వచ్చేటట్టే ఉంది గద తమ్మీ, ఎస్సీ అని పెట్టకుంటే ఏమైతది?"

సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిగా నేను చెప్పగలిగింది తేలిక. 2015 నుంచి ఐఐటీల, ఎన్ఐటీల సీట్లు 'జోసా' అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో పంచుతున్నారు. దాని మూలం 1962లో గేల్, షాప్లీ ప్రతిపాదించిన పద్ధతి. మీరు పెట్టిన మొదటి ఆప్షన్‌లో కామన్ ర్యాంకుతో ఓపెన్ సీటు వస్తుందా అని ముందు చూస్తుంది. రాకపోతే అదే ఆప్షన్‌లో కేటగిరీ ర్యాంకుతో చూస్తుంది. అదీ రాకపోతే తర్వాతి ఆప్షన్‌కి వెళ్తుంది. అంటే సర్టిఫికెట్ ఇంకో తలుపు తెరుస్తుందే తప్ప ఉన్న తలుపు మూయదు. పైగా ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి ట్యూషన్ ఫీజు ఉండదు. కులం దాచితే లెక్క ప్రకారం నష్టమే, లాభం సున్నా.

అయితే ఆ తండ్రి అడిగింది లెక్క గురించి కాదు. కూతురు నాలుగేళ్ళు ఎవరి చూపులూ పడకుండా చదువుకుంటుందా అని. 'ఓపెన్' అన్న మాట ఆమెకి కవచంలా పనిచేస్తుందని ఆయన ఆశ.

పనిచేస్తుందా? మన ఊళ్ళోనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని చూడండి. రోహిత్ వేముల అక్కడ పీహెచ్‌డీలో చేరింది రిజర్వేషన్ సీటులో కాదు, జనరల్ మెరిట్‌లో. అయినా అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో పనిచేసినందుకు అతను ఎవరో, ఎటువైపో అందరికీ తెలుసు. 2015లో ఫెలోషిప్ ఆగింది. మరో నలుగురితో పాటు హాస్టల్ నుంచి బయటికి పంపేశారు. వాళ్ళు గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. అతను ఏ కోటాలో వచ్చాడన్నది ఆ క్యాంపస్‌లో అతన్ని కాపాడలేదు. మెరిట్ నిరూపించుకో, గౌరవిస్తాం అన్న మాట ఒప్పందంలా వినిపిస్తుంది. కానీ రెండో పక్షం దాని మీద ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

ఇక్కడ ఇంకో వాదన ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. ఒక ఎస్సీ అమ్మాయికి ఓపెన్ ర్యాంకుతో ఐఐటీ హైదరాబాద్‌లో ఏదో ఒక బ్రాంచి వస్తుంది, ఎస్సీ ర్యాంకుతో బాంబేలో కంప్యూటర్ సైన్స్ వస్తుంది అనుకుందాం. ఆమె బాంబే తీసుకుంటే అక్కడ ఒక ఎస్సీ సీటు అయిపోతుంది. ఇక్కడ వదిలిన ఓపెన్ సీటు చాలావరకు జనరల్ విద్యార్థికి వెళ్తుంది. మొత్తం మీద వెనకున్న ఇంకో ఎస్సీ విద్యార్థికి ఒక సీటు తగ్గినట్టే. "నువ్వు గట్టిగా ఉన్నావు కదా, ఓపెన్‌లో సర్దుకో, మనవాళ్ళకి ఒక సీటు మిగులుతుంది" అని బంధువులే అనొచ్చు. అందులో న్యాయం లేకపోలేదు.

కానీ ఆ త్యాగం ఎవర్ని అడుగుతున్నామో కూడా చూడాలి. వాయుపురిలో ఒక డాక్టరు గారబ్బాయి బాంబేకి వెళ్ళినా ఎవరో ఒకరికి సీటు పోతుంది. అతన్ని ఎవరూ లెక్క అడగరు. పదిహేడేళ్ళ పిల్ల మాత్రం జాతి మొత్తం ఖాతా పుస్తకం చంకన పెట్టుకుని ఆప్షన్లు పెట్టాలి. సుప్రీంకోర్టు ఈ చిక్కుని ఎప్పుడో గుర్తించింది. మెరిట్‌తో వచ్చినవాళ్ళని కోటాలో లెక్కించకూడదని 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పులో చెప్పింది. 1996లో రితేష్ సా కేసులో ఇంకో అడుగు వేసింది. అలాంటి విద్యార్థి నచ్చిన కాలేజీ కోసం రిజర్వుడు సీటు ఎంచుకోవచ్చు, అయినా ఆ సీటుని కోటా ఖాతాలో రాయకూడదంది. అంటే లెక్క సరిచేసుకోవాల్సింది సీట్లు పంచేవాళ్ళు, చదువుకునే పిల్ల కాదు. సమాజానికి ఆమె రుణపడి లేదని నేననను. కాకపోతే ఆ రుణం తీర్చడానికి ముందు ఒక జీవితం కావాలి. వచ్చిన సీటునే కిస్తీగా కట్టెయ్యమంటే ఎలా?

అమెరికాలో నల్లజాతి పిల్లలకి ఇలాంటి చోట ఇంకో దారి ఉంది. హార్వర్డ్‌కి పోవచ్చు, లేదా 1867 నుంచి నల్లవాళ్ళ చదువుకి నిలయంగా ఉన్న హోవార్డ్‌కి పోవచ్చు. డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ రెండు రకాలూ చూశాడు. ముందు నల్లవాళ్ళ ఫిస్క్‌లో 1888 దాకా చదివి, తర్వాత హార్వర్డ్‌కి వెళ్ళి, 1895లో అక్కడ పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతీయుడయ్యాడు. 1946లో అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈయనకే. ఫిస్క్ లాంటి చోట ఉండే సుఖం ఒకటే. క్లాసులో తప్పు జవాబు చెబితే తప్పు నీదవుతుంది, నీ జాతిది కాదు.

మనకి హోవార్డ్ లేదు. గౌలిదొడ్డి లాంటి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఆ సుఖం కొంత దొరుకుతుంది గానీ, ఇంటర్‌తో అయిపోతుంది. ఆ తర్వాత అందరితో పాటు పోవాల్సిందే. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగుల్లో కనిపించని విషయాలు వాకబు చెయ్యాలి. అక్కడ మన సీనియర్లు ఎంతమంది ఉన్నారు? మధ్యలో మానేసినవాళ్ళెందరు? ఐఐటీ మద్రాస్‌లో అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ లాంటిది ఉందా? వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారిని పెట్టమని 2012లో యూజీసీ నిబంధనలు చెప్పాయి. ఆ కుర్చీలో మనిషి ఉన్నాడా, బోర్డు మాత్రమే ఉందా? రాత్రి మెస్సుకి రాకపోతే "ఏమైంది?" అని తలుపు తట్టేవాళ్ళుంటారా?

ఆ తండ్రికి చివరికి ఇదే చెప్పాను. సర్టిఫికెట్ పెట్టండి. బ్రాంచి పిల్లకి నచ్చింది పెట్టండి. ఆప్షన్లు లాక్ చేసేలోపు అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఆమెనే మాట్లాడనివ్వండి.

"మరి కేటగిరీలనా అని అడిగితే?" అన్నాడాయన.

అడుగుతారు. అడిగినవాళ్ళకి దాంతో ఏం పనో వాళ్ళే చెప్పాలి.