గాలికి అడ్డొచ్చే మనిషి

రేసు బైకు మీద గాలికి బాగా అడ్డొచ్చే వస్తువుల్లో మనిషి ఒకటి. ఇంజన్‌ని ఎంత సానపట్టినా రైడర్ భుజాలు, మోచేతులు, మోకాళ్ళు గాలిలోకి పొడుచుకొస్తూనే ఉంటాయి. అందుకే తిన్నగా ఉన్న ట్రాక్ మీద రైడర్ ట్యాంకుకి బల్లిలా అతుక్కుపోయి, వీలైనంత చిన్నవాడైపోతాడు. లెక్క సింపులే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని నెట్టుకుపోడానికి ఎనిమిది రెట్ల పవర్ కావాలి.

ఈ లెక్కని చివరిదాకా తీసుకెళ్ళినవాడు రోలీ ఫ్రీ. అప్పటి అమెరికా రికార్డు గంటకి 136.183 మైళ్ళు, 1937లో హార్లీ-డేవిడ్సన్ మీద జో పెట్రాలి సాధించింది. 1948 సెప్టెంబర్ 13న యూటాలోని బాన్విల్ ఉప్పు మైదానంలో ఫ్రీ విన్సెంట్ బైకు మీద దాన్ని దాటేశాడు. కానీ 150 అందలేదు. 147 దగ్గర ఒంటిమీది లెదర్ బట్టలు గాలికి చిరిగాయి. వాటిని విప్పేసి, ఈత చెడ్డీతో, తలకి షవర్ క్యాప్‌తో బైకు మీద బోర్లా పడుకున్నాడు. కాళ్ళు వెనక్కి బారజాపి, ఉప్పు మీద గీసిన నల్ల గీతని చూసుకుంటూ వెళ్ళాడు. 150.313 మైళ్ళు. ఆ మూడు మైళ్ళూ ఇంజన్ నుంచే రాబట్టాలంటే సుమారు 7 శాతం ఎక్కువ పవర్ కావాలి. ఆయన చర్మాన్ని పందెం కాసి తెచ్చుకున్నాడు.

ఇది తప్పా? నాకైతే తప్పనిపించదు. ఒళ్ళు ఆయనది, ఎంపిక ఆయనది. ఆ ఉప్పు మీద పక్కన ఇంకో రైడర్ లేడు, గడియారం ఒక్కటే పోటీ.

ఇప్పుడు ఇదే ఎంపికని పదిమంది నిలబడ్డ స్టార్టింగ్ లైన్ మీదకి తీసుకురండి. ఒకడు లెదర్ విప్పి మూడు మైళ్ళు సంపాదిస్తే, మిగతా తొమ్మిదిమంది ఏం చేయాలి? విప్పమని వాళ్ళనెవరూ బలవంతపెట్టలేదు. విప్పకపోతే ఓడిపోతారు, అంతే. పోటీలో ఒకడి స్వేచ్ఛ పక్కవాడికి షరతు అయిపోతుంది. "ఎవరిష్టం వాళ్ళది" అనే మాట ఇక్కడ పనిచేయడం మానేస్తుంది.

యంత్రాల విషయంలో ఇలాంటిదే జరిగింది కూడా. 1950లో ఇటలీలో మోటో గూచీ కంపెనీ మండెల్లోలో బైకుని, మనిషిని కలిపి పరీక్షించగల విండ్ టనెల్ కట్టింది. ఆ దశాబ్దంలో ముందు చక్రాన్ని కూడా కప్పేసే ఫెయిరింగులు వచ్చాయి. చెత్తడబ్బా ఆకారం కాబట్టి వాటికి ఆ పేరే పడింది. వేగం పెరిగింది, కానీ పక్కగాలి కొడితే బైకుని పట్టుకోవడం కష్టం. పక్కవాడు వాడుతున్నాడు కాబట్టి తనూ వాడాలి. 1957 సీజన్ తర్వాత అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య వాటిని నిషేధించింది.

రోడ్ రేసింగ్ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది: పక్కనుంచి, వెనకనుంచి, పైనుంచి చూస్తే, ముంజేతులు తప్ప రైడర్ పూర్తిగా కనబడాలి. రాసినవాళ్ళు భద్రత గురించే ఆలోచించి ఉండొచ్చు. నాకు మాత్రం అందులో ఒక నీతి కనిపిస్తుంది. వేగం మనిషిని మాయమైపొమ్మంటుంది, రూలు కనబడమంటుంది.

ఇలాంటి రూళ్ళు సాహసాన్ని చంపేస్తాయని ఒక వాదన. చంపలేదు. లెదర్ సూట్ తప్పనిసరి అయ్యాక కూడా రైడర్లు గంటకి 360 కిలోమీటర్లు దాటారు. నైపుణ్యం ఒంటిని ముడుచుకునే తీరులోకి వెళ్ళింది, ఎప్పుడు లేవాలో తెలుసుకోవడంలోకి కూడా. మలుపు ముందు బ్రేకు వేసేటప్పుడు రైడర్ నిటారుగా లేచి ఛాతీ గాలికి ఎదురు పెడతాడు. అప్పటిదాకా అడ్డమనుకున్న ఒళ్ళే బ్రేకుకి సాయం చేస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. టీమ్‌లో ఒకరు అర్ధరాత్రి మెసేజ్‌కి సరదాగా జవాబిస్తారు. అది వాళ్ళిష్టం. ఆర్నెల్లకి అదే అందరికీ కొలత అవుతుంది. పిల్లలున్నవాళ్ళు, అమ్మకి ఒంట్లో బాలేనివాళ్ళు స్లో అనిపించుకుంటారు. వాళ్ళ జీవితం అక్కడ డ్రాగ్. వద్దనే హక్కు మనకుందని గొప్పగా చెప్పుకుంటాం. అందరికీ ఒకేలా వర్తించే రూలు లేకపోతే, ఆ హక్కుని వాడుకోగలిగేది ఓడినా నష్టం లేనివాళ్ళే.

ఫ్రీ ఫోటో అంటే నాకిప్పటికీ ఇష్టమే. కానీ దాన్ని ఆఫీసు గోడకి పోస్టర్‌గా అంటిస్తామంటే మాత్రం ఒప్పుకోను.