ఎవరూ లేని ద్వీపం

హనీమూన్‌కి తెలుగులో మాట లేదు. నిఘంటువుల వాళ్ళు ఏదో ఒకటి కట్టి ఇచ్చారు గానీ పెళ్ళయినవాళ్ళు ఎవరైనా దాన్ని నోటితో అనగా నేను వినలేదు. మనకున్న మాట మనుగుడుపులు. కొత్త దంపతులు అత్తారింట్లో ఉండి విందులు తినడం. అంటే అప్పుడే ఒకటైన ఇద్దరినీ తీసుకెళ్ళి ఇంకొంతమంది మధ్యలో కూర్చోబెట్టడం. పిన్నిగారు, బాబాయిగారు, పక్కింటివాళ్ళు, వాళ్ళింటికొచ్చిన చుట్టాలు. గారెలు బావున్నాయా బాబూ, ఇంకో రెండు వెయ్యమ్మా. తర్వాత ఆషాఢం వస్తే మళ్ళీ ఇద్దర్నీ విడదీయడం. మన పద్ధతిలో కొత్త జంటకి ఏకాంతం తప్ప అన్నీ ఉన్నాయి. ఆ కాస్త ఏకాంతాన్నీ రాత్రిపూటకి కేటాయించి, గది బయట కిసుక్కున నవ్వేవాళ్ళని కూడా ఏర్పాటు చేశారు.

కాబట్టి హనీమూన్ అనే దిగుమతి సరుకు మన దగ్గర ఇంత బాగా అమ్ముడుపోవడంలో వింతేం లేదు. దాన్ని మనం ద్వీపం ఆకారంలోనే ఎందుకు కొనుక్కోవాలనుకుంటాం అన్నదే రెండు నెలలుగా నన్ను వదలని ప్రశ్న.

నవంబర్లో మా పెళ్ళి. వృత్తిధర్మం ప్రకారం ఎక్సెల్ షీట్ తెరిచాను. అడ్డంగా మాల్దీవులు, లక్షద్వీప్, అండమాన్, మారిషస్. నిలువుగా ఖర్చు, వీసా, విమానంలో కూచునే గంటలు, వానలు, తిండి. ఒక్కోదానికీ ఒక వెయిటేజీ. తను చూసి కింద ఇంకో వరస కలిపింది: ‘ఎవరూ ఉండకూడదు’. దానికి నలభై శాతం వేసింది.

నేను నవ్వాను. తను నవ్వలేదు. కూకట్‌పల్లిలో రెండు గదుల ఫ్లాట్‌లో ఐదుగురి మధ్య పెరిగిన మనిషి. తర్వాత హాస్టళ్ళు, ఆ తర్వాత పీజీలు. “లోపల్నుంచి గడియ పెట్టుకుని, ఎవరూ తలుపు కొట్టరన్న ధీమాతో ఒక్క పూట పడుకోలేదు నేను, ఇరవై తొమ్మిదేళ్ళలో” అంది. ఈ మాటని పక్కన పెట్టి పర్యాటకం గురించి నీతులు చెప్పే హక్కు నాకు లేదు. ఆ విషయం మీద నేను చదివిన వ్యాసాలు చాలావరకు సొంత గది ఉన్నవాళ్ళు రాసినట్టే ఉంటాయి.

ఆ వరసలో మార్కులన్నీ సహజంగానే మాల్దీవులకి పడ్డాయి. దాదాపు పన్నెండు వందల ద్వీపాలు. వాటిలో జనం ఊళ్ళు కట్టుకుని బతికేవి రెండు వందలకి మించవు. 1972లో మొదటి రిసార్ట్ తెరిచారు. అప్పట్నుంచి చాలా ఏళ్ళు నడిచిన పద్ధతి ఒకటే: ఒక ద్వీపానికి ఒక రిసార్ట్, అదీ ఊరు లేని ద్వీపంలో. రిసార్ట్‌లో మద్యం దొరుకుతుంది, ఊరున్న ద్వీపంలో నిషేధం. వచ్చినవాళ్ళ అలవాట్లు ఊరివాళ్ళకీ, ఊరివాళ్ళ చూపులు వచ్చినవాళ్ళకీ తగలకుండా సముద్రాన్నే గోడగా వాడుకున్నారు. ఊరి ద్వీపాల్లో గెస్ట్‌హౌస్‌లు పెట్టుకోవడానికి 2009 ప్రాంతంలో గానీ దారి తెరుచుకోలేదు. ఇంజినీర్‌గా చూస్తే చాలా శుభ్రమైన డిజైన్, మెచ్చుకోకుండా ఉండలేను.

కానీ ఆ ఫొటోల్ని ఒకసారి తీరిగ్గా చూడండి. నీళ్ళమీద విల్లా, తెల్లటి ఇసుక, ఇద్దరే ఇద్దరు. ఆ ఇసుకమీద నిన్నటి ఆకులు, అడుగుజాడలు లేకుండా తెల్లారేలోపు ఊడ్చిందెవరు? మంచంమీద తువ్వాలుని హంసలా మడిచిందెవరు? ఆ మనుషులుండేది చాలా రిసార్టుల్లో ద్వీపం మధ్యలో, చెట్ల వెనకాల. మాల్దీవుల వాళ్ళే కాక బంగ్లాదేశ్ నుంచి, శ్రీలంక నుంచి, మన దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు. అంటే ‘ఎవరూ లేకపోవడం’ అనేది ఒక సర్వీసు. అది అందాలంటే చాలామంది పనిచేయాలి, తాము లేనట్టుగా పనిచేయాలి. మేం రాసే సాఫ్ట్‌వేర్ కూడా అంతే. నొక్కేవాడికి బటన్ కనపడాలి, అర్ధరాత్రి రెండింటికి లేచి సర్వర్ పడిపోకుండా చూసేవాడు కనపడకూడదు. ఆ రెండింటికి లేచేవాణ్ణి నేనే కాబట్టి ఈ పోలిక నాకంత సుఖంగా లేదు.

జమైకా కిన్‌కెయిడ్ 1988లో తన సొంత ద్వీపం అంటిగ్వా గురించి ‘ఎ స్మాల్ ప్లేస్’ అని చిన్న పుస్తకం రాసింది. విమానం దిగే టూరిస్టుని ‘నువ్వు’ అని పిలుస్తూ నిలబెట్టి కడిగేస్తుంది. లోకంలో ప్రతి ఊరివాడికీ ఎక్కడికైనా వెళ్ళిపోయి నాల్రోజులు ఉండాలనే ఉంటుంది, చాలామందికి ఆ స్తోమత లేదు, నీకుంది, నిన్ను చూస్తే వాళ్ళకి మండేది అందుకే అన్నది ఆమె వాదనలో ఒక ముఖ్యమైన ముక్క. పుస్తకం గొప్పదే. అయితే మనలాంటివాళ్ళు చదివితే ఒక తమాషా జరుగుతుంది. ఆ ‘నువ్వు’ తెల్లవాడు కదా అని మెల్లగా పక్కకి తప్పుకుని, తిట్లు తినేవాడి మీంచి తిట్టేవాళ్ళ పక్కకి చేరిపోతాం. 2021 నుంచి 2023 దాకా మాల్దీవులకి అందరికన్నా ఎక్కువమంది టూరిస్టుల్ని పంపిన దేశం మనదే. ఆ విమానంలో కిటికీ సీటు మనది.

లక్షద్వీప్ సంగతి త్వరగా తేలిపోయింది. 2024 జనవరిలో ఒక వారంపాటు హనీమూన్ ఎక్కడ అన్నది దేశభక్తి పరీక్షగా మారింది గుర్తుందా? మాల్దీవులు వద్దు, లక్షద్వీప్ ముద్దు. నా వాట్సాప్ గ్రూపుల్లో ఆ వారం ఊగిపోయిన వాళ్ళలో ఒక్కడూ పర్మిట్‌కి అప్లై చేసినట్టు లేదు. అక్కడ జనం ఉండే ద్వీపాలు పదే. మినికాయ్‌లో మాట్లాడే మహల్ భాష మాల్దీవుల దివేహీకి సొంత చెల్లెలు. భాష లెక్కన చూస్తే ఏది బహిష్కరించి ఏది ఆదరించినట్టో నాకైతే అర్థం కాలేదు.

అండమాన్‌ని తనే కొట్టేసింది. “పోర్ట్‌బ్లెయిర్‌లో దిగంగానే మీ శ్రీకాకుళం బాబాయి ఫ్రెండెవరో పలకరిస్తాడు” అంది. అతిశయోక్తేం కాదు. అక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, ఉత్తరాంధ్ర నుంచి పనికోసం పోయి స్థిరపడ్డవాళ్ళు కూడా. నాకు మాత్రం అండమాన్ వేరే కారణానికి మనసులో నిలిచిపోయింది. జారవాల అడవి మధ్యలోంచి ట్రంక్‌రోడ్డు పోతుంది, కాన్వాయ్‌లో టూరిస్టు బళ్ళు వెళ్తాయి. తిండి చూపించి జారవా ఆడవాళ్ళ చేత డ్యాన్స్ చేయించిన వీడియో 2012లో బయటికొచ్చి పెద్ద గొడవైంది. అదే అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్‌కి పడమరగా, నార్త్ సెంటినెల్ ఉంది. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం అక్కడికి వెళ్ళడమే నేరం. 2018లో వెళ్ళిన అమెరికన్ యువకుడు తిరిగి రాలేదు. నా షీట్‌లోని ఆ వరసకి పదికి పది వేయాల్సొస్తే సెంటినెలీలకే వేయాలి. మన ఏకాంతం కోసం ఇంకెవరో కనపడకుండా పోతున్నారు. వాళ్ళ ఏకాంతానికి కావల్సింది మనం ఇంట్లో కూచోవడం, అంతే.

ఇంతలో, షీట్‌లో లేని ఒక పేరు తగిలింది. చాగోస్. మాల్దీవులకి దక్షిణంగా, హిందూ మహాసముద్రం నడిమధ్యలో. అక్కడ తరాలుగా జనం ఉండేవాళ్ళు, కొబ్బరితోటల్లో పని. 1965లో బ్రిటన్ ఆ ద్వీపాల్ని మారిషస్ నుంచి విడగొట్టింది. డియెగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరానికి చోటివ్వడం కోసం 1968, 1973 మధ్య అక్కడివాళ్ళందర్నీ ఖాళీ చేయించారు. పదిహేను వందల నుంచి రెండు వేల మంది. పెంపుడు కుక్కల్ని గ్యాస్ పెట్టి చంపారు. కాగితాలమీద రాసుకున్నదేమిటంటే, ఇక్కడ శాశ్వత నివాసులు లేరు, ఉన్నది కాంట్రాక్టు కూలీలే అని. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడగొట్టడం చట్టబద్ధంగా జరగలేదని అభిప్రాయం చెప్పింది. ‘ఎవరూ లేని ద్వీపం’ అన్న మాట ఒక ప్రభుత్వ ఫైల్లో ఎలా తయారవుతుందో చదివాక, అదే మాట మా షీట్లో నలభై శాతం బరువుతో కూర్చుని ఉండటం చూస్తే కాస్త వెన్ను జలదరించింది. రెండూ ఒకటే అనడం లేదు. ఒకే కోరిక పెద్ద సైజులో ఎలా ఉంటుందో కనపడింది.

అలా ఖాళీ చేయించినవాళ్ళని ఓడలెక్కించి దింపిన చోట్లలో మారిషస్ ఒకటి. షీట్‌లో మిగిలింది కూడా అదే.

మారిషస్‌ది విచిత్రమైన కథ. 1598లో డచ్చివాళ్ళు దిగేనాటికి అది నిజంగానే ఎవరూ లేని ద్వీపం. ఉన్నది డోడోలు. వందేళ్ళు తిరక్కుండానే అవీ లేవు. కాబట్టి ఇప్పుడు అక్కడున్న ప్రతివాళ్ళ పూర్వీకులూ ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళే, చాలామంది తేబడ్డవాళ్ళు. ప్రేమికులకి ఉష్ణమండల ద్వీపం అన్న ఊహకి యూరప్‌లో బాగా ఊపిచ్చిన పుస్తకం కూడా ఈ ద్వీపం మీదే పుట్టింది: బెర్నార్డిన్ ద సాన్ పియేర్ 1788లో వేసిన ‘పాల్ ఎ వర్జినీ’. కల్మషం లేని ఇద్దరు పిల్లలు ప్రకృతి ఒడిలో పెరిగి ప్రేమించుకుంటారు. చుట్టూ పనిచేసేది బానిసలు. చివర్లో ఓడ మునిగి వర్జినీ పోతుంది, పాఠకులు ఆమెకోసం ఏడ్చారు. తోటపని చేసినవాళ్ళకోసం ఎంతమంది ఏడ్చారో తెలీదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మారిషస్ హనీమూన్ అని కొడితే ముందు కనిపించేది నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ. లె మోర్న్. దాని కాళ్ళ దగ్గర ఖరీదైన రిసార్టులు. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిందని చెప్పడానికి పోలీసులు ఎక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు పైనించి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. యునెస్కో 2008లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బానిసలు స్వతంత్రులయ్యే రోజులకే చెరకుతోటలకి వేరే మనుషుల్ని తేవడం మొదలైంది. 1834 తర్వాత, ఆ శతాబ్దం దాటి 1920 వరకూ, దాదాపు ఐదు లక్షల మంది ఒప్పందకూలీలు పోర్ట్‌లూయీ రేవులో దిగారు. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. కాకినాడ పక్కన కోరంగి నుంచి ఓడలు వెళ్ళాయి. 1843లో వెళ్ళిన ఒకదాని పేరే కోరింగా ప్యాకెట్. ఇవాళ మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు.

ఇది చదివి నాలో ఏదో పొంగింది. ఇంకేం, మనవాళ్ళు! వెళ్దాం, ఆ రేవు మెట్లు చూద్దాం. తను సగంలో ఆపింది. “మీ తాతల్లో ఓడెక్కినవాళ్ళు ఉన్నారా?” లేరు. మాకు కోరంగికి దగ్గర్లోనే నాలుగెకరాలుండేవి. ఎక్కినవాళ్ళు లేకపోగా, ఎవరినో ఎక్కక తప్పని స్థితికి నెట్టినవాళ్ళు ఉండే అవకాశమే ఎక్కువ. ‘మనవాళ్ళు’ అనే మాట ఇలాంటి చోట చాలా లెక్కల్ని మాఫీ చేసేస్తుంది.

తర్వాత తనన్న మాటలు ఇంకా గట్టివి. “నీకు రిసార్ట్ వాళ్ళు పూలు చల్లితే నచ్చదు, చరిత్ర చల్లితే నచ్చుతుంది. రెండూ మన మంచమ్మీద డెకరేషనే కదా. బీచ్‌లో ఫొటో దిగేవాడికీ, మ్యూజియంలో కళ్ళు తుడుచుకుని భోజనానికి వెళ్ళేవాడికీ తేడా ఏంటి? అయినా ఎవరూ ఏడవని నేల ఎక్కడుంది? మీ ఆఫీస్ టవర్ కింద ఎవరి పొలం ఉండేదో ఎప్పుడైనా షీట్ వేశావా?”

వెయ్యలేదు. ఎవరూ ఏడవని నేల వెతకడం మొదలుపెడితే పెళ్ళిపందిరి వేయడానికి కూడా చోటు మిగలదు. సంతోషంగా ఉండటానికి ముందు ఆ చోటి బాధకి టికెట్ కట్టాలన్న ఆలోచనలో నాకు ఒక రకమైన పిసినారితనం కనపడుతుంది, పాపభీతి వేషంలో. కాబట్టి బాధ జరిగిన చోటుకి వెళ్ళొచ్చా అన్న ప్రశ్నని వదిలేశాను. వదలంది ఇంకొకటి: నా సంతోషం కుదరాలంటే ఇంకొకరు కనపడకుండా పోవాలా? మారిషస్‌లో నూట తొంభై ఏళ్ళ కిందటి మనిషికి నేనిప్పుడు ఏమీ చేయలేను. పొద్దున్న ఇసుక ఊడ్చే మనిషి సంగతి అలా కాదు. ఆమె లేనట్టు ఉండాలని డబ్బు కడుతున్నది నేనే.

ఇదంతా తనతో అన్నాను, ఇంత పద్ధతిగా కాకపోయినా. తను చాలాసేపు ఆ వరసకేసి చూసింది. “నాకు జనం లేకపోవడం కాదు కావల్సింది. తలుపుకి గడియ కావాలి. బయట ఎంతమంది ఉంటే నాకేం” అంది.

తత్త్వశాస్త్రం పుస్తకాలు తిరగేసి నేను తేల్చుకోలేనిది అక్కడ తేలింది. గడియ వేసిన తలుపుకి అవతల మనుషులున్నారని ఒప్పుకుంటాం, కాసేపు ఆగమంటాం, వాళ్ళు ఆగుతారు. మళ్ళీ తలుపు తీస్తే మనల్ని చూస్తారు, మనమూ చూస్తాం, ఏం తిన్నావంటే చెప్పాలి. ద్వీపం కొనుక్కునేవాడు ఆగమనడానికి కూడా అవతల ఎవరూ ఉండకూడదనుకుంటాడు. మనుగుడుపుల్లో మనుషులే మనుషులు, గడియ లేదు. విల్లాలో అంతా గడియే, మనుషులు లేరు. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పెరిగిన పిల్లకి ఈ రెండింటికీ తేడా నాకంటే ముందే తెలుసు. షీట్‌లో అందుకు తగ్గ మాట దొరక్క ‘ఎవరూ ఉండకూడదు’ అని రాసింది. ఈ వ్యాసం రాయనిచ్చింది గానీ ఆ మాట తన తప్పన్నట్టు రాస్తే ఊరుకోనని ముందే చెప్పింది.

మారిషస్‌కే వెళ్తున్నాం. దక్షిణాన ఒక ఊళ్ళో, బస్సు ఆగే చోట, కింద ఇంటివాళ్ళు ఉంటారు, మేడమీద గది మాది. విమానాల పొగ సంగతి అడక్కండి, దానికి నా దగ్గర జవాబు లేదు. లె మోర్న్ నేను ఎక్కుతానట, తను పడుకుంటుందట. ఇంటావిడకి రెండు ప్రశ్నలు మెయిల్ పెట్టాను. మొదటిది భోజనం గురించి. రెండోది తనే టైప్ చేసింది: తలుపుకి లోపల్నుంచి గడియ ఉందా అని.

ఉందట. సముద్రపు గాలికి బిగుసుకుపోతూ ఉంటుంది, కాస్త గట్టిగా లాగాలి అని రాసిందావిడ.