చింపని పుట

ధ్యాన భాగములు: గలతీయులకు 2:11–14, 2 పేతురు 3:15, 16, 3 యోహాను 13, 14

వేసవి తెలుగువారికి పనిని తగ్గించి మాటను పెంచు కాలము. బడులు మూతపడును, కోతలు ముగిసిన పొలములు నెర్రెలు విచ్చును, మధ్యాహ్నపు వడగాడ్పునకు వీధిలో మనుష్య సంచారముండదు. ప్రొద్దు వాలిన తరువాత వాకిట నీళ్లు చల్లి, మంచములు వాల్చుకొని కూర్చున్నప్పుడు, సంవత్సరమంతయు వాయిదాపడిన సంగతులు ఒక్కొక్కటిగా వెలుపలికి వచ్చును. అందుచేతనే కాబోలు, మనుష్యుడు తన పాత పెట్టెలను తెరచునదియు, పాత ఉత్తరములను తిరిగి చదువుకొనునదియు తరచుగా వేసవిలోనే.

గుంటూరునకును ఒంగోలునకును నడుమనున్న ఒక ఊరిలో ముగ్గురు స్నేహితులు ప్రతి వేసవి సాయంకాలములు ఇట్లే కూడుకొందురు. ఒకరు లూథరను సంఘస్థులు, ఉపాధ్యాయ వృత్తి చేసి విశ్రాంతి పొందినవారు. రెండవవారు బాప్తిస్టు సంఘ కాపరిగా పనిచేసి వృద్ధులైనవారు. మూడవవారు దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన ఒక నర్సమ్మ. ఊరివారు వారిని మాస్టారు, అయ్యగారు, సిస్టరమ్మ అని పిలుచుట చేత వారును ఒకరినొకరు అట్లే పిలుచుకొందురు. వారి మాటలు ముంజలతో మొదలై, ఆవకాయ జాడీల మీదుగా, ఆదివారపు ప్రసంగము వరకు వచ్చి, మరల పిల్లల చదువుల దగ్గర ఆగును.

ఒక సాయంకాలము సిస్టరమ్మ, "పాత డైరీలన్నీ చెద పట్టాయి. మీరైతే ఏం చేస్తారు మాస్టారూ?" అని యథాలాపముగా అడిగిరి. మాస్టారు జవాబు చెప్పక లోనికి వెళ్లి, ఎర్ర అట్ట గల నోటుపుస్తకమొకటి తెచ్చి ఒడిలో ఉంచుకొనిరి. "ఇందులో ఒక పుట ఉందమ్మా. అయ్యగారి మీద రాసింది. చింపాలో, చూపించాలో తెలియక నలభై ఏళ్లు దాచాను" అనిరి. అయ్యగారు అక్కడనే కూర్చుండి యుండిరి.

సంగతి ఇది. నలువది యేండ్ల క్రిందట ఒక మే నెల మొదటి ఆదివారమున, కొత్తగా కాపరియైన స్నేహితుని ప్రసంగము వినవలెనని మాస్టారు అతని సంఘమునకు వెళ్లిరి. ఆరాధన చివర ప్రభువు బల్ల ఆచరింపబడెను. రొట్టె పళ్లెము బెంచీ వెంబడి వచ్చుచు, మాస్టారి యెదుట ఆగక ప్రక్కవారికి సాగిపోయెను. శిశుప్రాయమున బాప్తిస్మము పొందినవాడు ఆ సంఘ నియమము చొప్పున ఆ బల్లలో పాలివాడు కాడు. పళ్లెము పట్టిన పెద్దకు ఆయన ఎవరో తెలియును. బల్ల వద్ద నిలిచియున్న కాపరి అది చూచి తల దించుకొనెను. ఆ రాత్రి మాస్టారు ఒక పుట నిండ వ్రాసిరి. స్నేహితుడు పరిసయ్యుడనియు, పెద్దలకు భయపడి మనస్సాక్షిని దాచుకొనెననియు, ఇకమీదట అతనితో పలుకుట లోకమర్యాదకు మాత్రమే అనియు వ్రాసిరి.

కొన్నాళ్లకు కోపము చల్లారెను, స్నేహము సాగెను. ఊరి సంఘములన్నియు కలసి జనవరి 18 మొదలు 25 వరకు జరుపుకొను ఐక్య ప్రార్థనవారములో మాస్టారు పలుమారులు యోహాను సువార్త 17వ అధ్యాయముపై ప్రసంగించిరి. ప్రసంగము ముగించి ఇల్లు చేరినప్పుడెల్ల పెట్టెలోని పుట జ్ఞాపకము వచ్చెడిది. వేదిక మీద పలికిన మాట సత్యమా, పెట్టెలో దాచిన మాట సత్యమా?

ఒంటరిగా వ్రాసికొన్న ఒక పుటకును క్రైస్తవ ఐక్యతకును ఏమి సంబంధమని కొందరడుగవచ్చును. ఐక్యత అనగా నిబంధనావళులు, సంయుక్త సంఘములు, సంతకములు అని మనము తలంచుటకు అలవాటుపడితిమి. అవియు కావలసినవే. కాని సంతకము పెట్టు చేయియే రాత్రి డైరీ వ్రాయును. సభలో లేని సహోదరుని గూర్చి ఆ చేయి ఏమి వ్రాయునో, అదియే ఆ సంతకము యొక్క విలువను తేల్చును.

అయ్యగారు మొదట సులువైన మార్గమునే చూపిరి. "చింపేయండి మాస్టారూ. ప్రేమ లెక్కలు పెట్టుకోదని పౌలు చెప్పాడు కదా" అనిరి. ఆ మాట తోసివేయదగినది కాదు. మొదటి కొరింథీయులకు 13:5లో అపకారమును గూర్చి చెప్పబడినచోట మూలభాషలోని క్రియ వర్తకుల లెక్కల పుస్తకములలో వాడబడునట్టిది. ఇచ్చినది, రావలసినది వ్రాసి ఉంచుట దాని అర్థము. ప్రేమ అట్టి పద్దు వ్రాయదు. మరి మాస్టారి పుట పద్దు కాక మరేమి? దానిని కాల్చివేయుటయే విధేయత కాదా?

అయితే ఆ పౌలే గలతీయులకు వ్రాసిన పత్రికలో మరియొక పని చేసెను. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో కలసి భుజించుచుండెను. యాకోబు యొద్దనుండి కొందరు వచ్చినప్పుడు వారికి భయపడి ఆ బల్లనుండి వెనుకకు తీసెను. బర్నబా సహితము ఆ వేషధారణచేత కొట్టుకొనిపోయెను. ఇదియంతయు పౌలు పేర్లతో సహా వ్రాసిపెట్టెను. గమనింపుడి: అదియు బల్ల దగ్గర జరిగిన గాయమే, అక్కడను కారణము భయమే. సంఘము ఆ పుటను చింపలేదు. అపొస్తలులిద్దరి గౌరవమును కాపాడుటకై దానిని దాచలేదు. లేఖనములలో ఉంచి తరతరములుగా బహిరంగముగా చదివించుచున్నది.

అదే లేఖనములలో, పేతురు పేరిట నున్న రెండవ పత్రిక చివరి అధ్యాయమున పౌలు ప్రియ సహోదరుడని పిలువబడుచున్నాడు; అతని పత్రికలలో గ్రహించుటకు కష్టమైన సంగతులు కొన్ని కలవనియు చెప్పబడెను. ఒక గ్రంథమునందే ఫిర్యాదు ఉన్నది, ప్రేమ ఉన్నది. ఫిర్యాదును తుడిచివేసి ప్రేమను నిలుపలేదు. ఫిర్యాదు ఉండగనే దాని ప్రక్కన ప్రేమ చోటు చేసికొన్నది.

అట్లయిన పద్దునకును పౌలు పుటకును భేదమెక్కడ? పౌలు తాను వ్రాసినదానిని వ్రాయుటకు ముందే పేతురుతో ముఖాముఖిగా, అందరి యెదుట పలికియుండెను. పద్దు వసూలు చేయుటకై దాచబడును. ఉత్తరము జవాబు కొరకై పంపబడును. ఎదుటివానికి ఎన్నడును చూపని మాట, ఎంత నిజమైనను, నెమ్మదిగా అప్పుపత్రముగా మారును. దానికి ఏటేట వడ్డీ చేరును. చూపబడిన మాట, ఎంత చేదైనను, ఉత్తరమగును. దానికి జవాబు రాగలదు.

దక్షిణ భారత సంఘ చరిత్రలో ఇందుకు గొప్ప సాక్ష్యమున్నది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య మిషనరీల త్యాగములను మెచ్చుకొని, వారు తమ ఆస్తిని, శరీరములను సహితము ఇచ్చినను స్నేహమును ఇవ్వలేదని వారి యెదుటనే చెప్పి, తమకు స్నేహితులు కావలెనని వేడుకొనెను. ఆ మాట కొందరికి కోపము పుట్టించెను. ఆ గాయమును ఆయన డైరీలో పూడ్చియుండవచ్చును. లేదా స్వజనుల మధ్య మాత్రమే చెప్పుకొని ఉండవచ్చును. గాయపరచినవారి చేతికే దానిని అందించెను గనుక అది ఫిర్యాదుగా మిగలక ఆహ్వానమయ్యెను. 1912లో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. 1919 మే నెలలో, అట్టి వేసవిలోనే, ఆయనయు ముప్పదిమందికి పైగా సేవకులును తరంగంబాడిలో కూడిరి. వారిలో ఇద్దరు తప్ప తక్కినవారందరు భారతీయులే. తాము కలిగింపని విభజనలు వెలుపలినుండి తమ మీద మోపబడెననియు, వానిని కొనసాగించుటకు తమకు ఇష్టము లేదనియు వారు ప్రకటించిరి. ఇరువది యెనిమిది సంవత్సరముల పిమ్మట, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఆవిర్భవించెను. అజరయ్య దానిని చూడలేదు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించెను.

తెలుగు లూథరనులును బాప్తిస్టులును ఆ ఐక్యతలో చేరలేదు. వారి కారణములు వారికి కలవు. వానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. బాప్తిస్మమును గూర్చిన ప్రశ్న నిజమైన ప్రశ్న. అయినను ఒక సంగతి ఆలోచింపదగినది. 1840లో బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరెను. 1841లో ఆంగ్లికనులైన నోబుల్, ఫాక్స్ అనువారు మచిలీపట్నము చేరిరి. 1842లో లూథరనుడైన హేయర్ గుంటూరు చేరెను. రెండు మూడేండ్ల లోపల, ఒకే తీరమున, మూడు సంఘములకు పునాదులు పడెను. పిమ్మట మిషనులు ప్రాంతములను పంచుకొనెను. కావున మనలో అనేకులు లూథరనులో, బాప్తిస్టులో అగుటకు వేదాంతముకంటె తాతగారి ఊరే ముఖ్య కారణము.

తరంగంబాడివారు విభజనలు తమవి కావని చెప్పగలిగిరి. నూరేండ్లు దాటిన తరువాత ఆ మాట మనము అంతే నిర్మలముగా పలుకగలమా? వారసత్వముగా వచ్చిన గోడకు ఏటేట సున్నము వేయుచున్నవారము మనమే. కొన్ని తావుల ఆ గోడకు కులమను మరియొక వరుస రాయి కూడ చేరియున్నది. ఊరి బావి వద్దకు రానీయబడక, వేసవిలో దోసిలి నీళ్లకు ఎవరో పోయువరకు కాచుకొనిన తాతల మనుమలము మనలో అనేకులము. అట్టివారు ప్రభువు బల్లయొద్ద ఒకరినొకరు వెలిగా ఉంచుట ఎంత విచారకరము!

మరల ఆ వాకిటికి వత్తము. మాస్టారు నోటుపుస్తకము తెరువబోవుచుండగా సిస్టరమ్మ ఒక ప్రశ్న వేసిరి. "మాస్టారూ, అయ్యగారు మీ చర్చికి ఎన్నోసార్లు వచ్చారు. మీవాళ్లు ఆయన్ని బల్లకు రమ్మన్నారా?" మాస్టారు చాలసేపు మాటలాడలేదు. ఒక క్రిస్మసు దినమున అయ్యగారు వెనుక బెంచీలో కూర్చుండగా, సంఘపు పెద్దగా నుండిన తాను ఆయనను చూచియు చూడనట్లు ముందుకు నడచిన సంగతి అప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను. ఆ సంగతి ఏ డైరీలోను లేదు.

వ్యక్తిగత రచనలోని గొప్ప అపాయము ఇదియే. మనకు తగిలిన దెబ్బలకు తేదీలుండును. మనము కొట్టిన దెబ్బలకు ఉండవు. సంఘముల చరిత్ర గ్రంథములును పెక్కుసారులు ఇట్టి డైరీలే. ప్రతి సంఘమును తన హతసాక్షులను, తన త్యాగములను, తనకు జరిగిన అన్యాయములను శ్రద్ధగా వ్రాసికొనెను. తాను ఇతరులకు చేసినదానిని వ్రాసిన పుటలు బహు స్వల్పము. కావున ఒకని డైరీని వాని సహోదరుడు చదివి, ప్రక్కన తన మాట చేర్చినప్పుడే అది పూర్తి సత్యమగును. ఐక్యత లేనిచోట సత్యమే సగమై పోవును.

అయినను ఇట్టి పుటలన్నియు చూపవలసినవే యని తలంపరాదు. ఎదుటివానిని నొప్పించుటకే చూపబడునవి కొన్ని. చచ్చినవారిని గూర్చినవి కొన్ని. దేవుని యెదుట మాత్రమే విప్పదగినవి కొన్ని. చూపుటకు ముందు ఒకడు తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ పుట క్రింద ఎదుటివాడు వ్రాయుటకు చోటు విడిచితినా? చోటు లేనియెడల చూపక ప్రార్థించుట మేలు.

మాస్టారి పుట అడుగున నాలుగు వేళ్ల ఖాళీ ఉండెను. అయ్యగారు కళ్లజోడు సవరించుకొని దీపపు వెలుతురులో పుటనంతయు చదివిరి. పరిసయ్యుడన్న మాట దగ్గర కొంచెము ఆగిరి. పిమ్మట, "కలం ఉందా మాస్టారూ?" అని అడిగి, రెండు వాక్యములు వ్రాసిరి: తాను చూచితిననియు, తల దించుకొన్నది నియమమును గౌరవించి కాదు, భయపడియే అనియు. మాస్టారు కలము పుచ్చుకొని దాని క్రింద క్రిస్మసు నాటి సంగతిని వ్రాసిరి. పుట నిండెను. సిస్టరమ్మ కుండలోని నీళ్లు ముంచి ఇద్దరికి ఇచ్చిరి. ఎవరును ఎక్కువగా మాటలాడలేదు.

ఆ రాత్రితో ఆ రెండు సంఘముల నియమములు మారలేదు. అవి మారవలసిన తావు సంఘముల సభలు. అందుకు ఓర్పును, చదువును, ప్రార్థనయు కావలెను. కాని ఆ పని చేయబూనువారు ఎట్టివారై యుండవలెనో ఆ వాకిట తెలిసెను. యోహాను మూడవ పత్రిక ముగింపులో పెద్దయనబడినవాడు సిరాతోను కలముతోను వ్రాయుటకంటె ముఖాముఖిగా మాటలాడుటయే తనకు ఇష్టమని చెప్పి, అక్కడి స్నేహితులకు పేరు పేరు వరుసను వందనములు పంపెను. వ్రాత యొక్క గమ్యము ముఖము. సిద్ధాంతము యొక్క గమ్యము పేరు గల స్నేహితుడు.

ప్రతివాని పెట్టెలోను ఒక పుట ఉండును. ఈ వేసవిలో అది చేతికి తగిలినప్పుడు వెంటనే చింపవద్దు, మరల అడుగున దాచవద్దు. అది ఎవరిని గూర్చినదో, అడుగున ఎంత చోటున్నదో, తాను వ్రాయక విడిచినదేమో చూచుకొని, సాయంకాలమున వారి వాకిటికి నడచుట మేలు.