లక్కమ్మ తిప్పి పంపిన బియ్యము

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణములో, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా జీవించిన శరణుడు మారయ్య. కన్నడమున ‘అక్కి’ యనగా బియ్యము. ఏరిన బియ్యముతో బ్రతుకువాడు గనుక ఆయనకు ఆయ్దక్కి మారయ్య యని పేరు. ఆ గింజలనే వండి ధర్మపత్ని లక్కమ్మ జంగమార్చన చేసెడిది. ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఆ పూటకు వలసినదానికి మించినది తమ సొత్తు కాదని, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను తిప్పి పంపినది.

ఈ కథను నిరాశకు దృష్టాంతముగా చెప్పుట పరిపాటి. అది సత్యమే. కాని ఆ దంపతుల ఇంట వ్యర్థమను మాటకే తావు లేదన్న సంగతి అంతగా ఎవరును గమనింపరు. నేల రాలినదానిని భర్త ప్రసాదముగా మార్చెను. అక్కరకు మించినదానిని భార్య గడప దాటనీయలేదు.

దువ్వూరు ప్రాంతమునకు బియ్యపు విలువ ఒకరు చెప్పవలసినది కాదు. సుంకేసుల వద్ద తుంగభద్రను వీడి కడప దిక్కునకు సాగు కర్నూలు–కడప కాలువ నీటిని నమ్ముకొని ఇచట వరి పండించుచున్నారు. నీరు వచ్చునో రాదో యని రైతు ఎదురుచూచి పండించిన ఆ అన్నమే పెండ్లి పందిటిలో సగము తిని విడిచిన విస్తళ్లలో మిగిలి, ప్లాస్టిక్ సంచులలో ముడివడి, కాలువ గట్టున పడుట చూచిన, అది ఎవరి అపరాధమని అడుగవలసి వచ్చును. “చాలు” అన్నను వడ్డించుట మర్యాదయట! విస్తరిలో మిగిల్చి లేచుట గొప్పయట! ఇష్టలింగమునకు అర్పించిన పదార్థము ప్రసాదమగును. ప్రసాదమును విడువరాదని వీరశైవాచారము. మరి తినలేనంత వడ్డించుకొని అర్పించిన భక్తుడు, ప్రసాదమును పారవేయుటకు ముందే సిద్ధపడినవాడు కాడా?

ఆ ముడివేసిన సంచి వద్దకు మొదట వచ్చునది పశువు. బసవ శబ్దమునకు వృషభమని అర్థము. బసవేశ్వరుడు నందికేశ్వరుని అవతారమని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. పండుగనాడు కొమ్ములకు పసుపు కుంకుమలు అలది మ్రొక్కిన ఎద్దే మరునాడు అన్నపు వాసనకు ఆ సంచిని లాగును. ముడి విప్పుట దానికి చేతకాదు. సంచితో సహా మ్రింగును. ప్లాస్టిక్ జీర్ణము కాదు. పెద్ద పొట్టలో ఉండచుట్టుకొని పేరుకొన్న కొలది గడ్డికి చోటు తగ్గి పశువు చిక్కిపోవును. కొన్నింటికి పశువైద్యుడు పొట్ట కోసి తీయవలసి వచ్చును. కొన్ని ఆ లోపుగనే చచ్చును.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము లెక్క ప్రకారము 2022లో ప్రపంచమున సుమారు 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. అందులో నూటికి 60 పాళ్లు గృహములలోనిదే. కనుక నేరమంతయు హోటళ్లపై త్రోయ వీలులేదు.

తడి చెత్తను వేరుగా ఉంచి, పేడయు ఆకులలములును కలిపి దిబ్బలో వేసిన కొన్ని మాసములలో ఎరువగును. దానినే గాలి చొరని సంచిలో కుక్కినచో కుళ్లి మీథేన్ వాయువును పుట్టించును. 2016 నాటి ఘనవ్యర్థ నియమములు తడి పొడి చెత్తలను ఇంటిలోనే వేరు చేయవలెనని చెప్పినవి. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు దేశమంతట నిషిద్ధములు. దాసోహములలో మోదుగాకు విస్తళ్లు, కడిగి వాడుకొను లోటాలు ఉండినచో ఈ నిషేధముతో పనియే లేదు. లోటాలు కడుగువారు దొరకరని కొందరందురు. కాయకమే కైలాసమని పలుకు సమాజమున ఆ మాట వినుటకు కష్టముగా నున్నది.

శరణుల ముంగిళ్లు ఊడ్చుటనే కాయకముగా స్వీకరించిన సత్యక్కను శివశరణిగా కొలుచుచున్నారు. నేడు పంచాయతీ బండి వెంట నడచు పారిశుద్ధ్య కార్మికురాలు, కలిపి కట్టిన సంచిని విప్పి, పులిసిన అన్నములో చేయి పెట్టి గాజుపెంకులను ఏరుచున్నది. ఆమె పని గడప లోపలనే జరిగియుండవలసినది.